పందిరికీ ఓ పంచాంగం

కాకుమాను నల్లరేగడిలో, బాపట్ల ఇసుకలో, కృష్ణ లంకల్లో... దొడ్డి చిన్నదైనా దానికో లెక్క ఉంది. ఏ నెలలో ఏ పాదు పెట్టాలో, దేన్ని అసలు పెట్టకూడదో చెప్పే లెక్క అది.

జూన్‌లో నాలుగు చినుకులు పడగానే గోడవార పెట్టిన చిక్కుడు గింజ చూస్తుండగానే పందిరెక్కుతుంది. ఆగస్టుకల్లా కర్రలు కనబడకుండా అల్లుకుంటుంది. అరచేయంత ఆకులు, నిగనిగలాడే తీగ. పూత మాత్రం వెతికినా ఉండదు. వినాయక చవితి రోజుల్లో కాకుమాను వైపు ఏ వీధి అరుగు మీద కూర్చున్నా వినపడే మాటే ఇది. ‘ఏం వదినా, మీ చిక్కుడు పూసిందా?’ ‘యాడ పూసిద్ది? ఆకు తప్ప ఏం లేదు. పీకేసి బీర పెడదామనుకుంటన్నా.’ పీకేసినవాళ్ళు ఒక పంట పోగొట్టుకున్నట్టే. దసరా దాటేవరకు ఓపిక పట్టినవాళ్ళకి కార్తీకంలో గెలలు గెలలుగా పూత వస్తుంది, సంక్రాంతికి గిన్నె నిండా కాయలు తెగుతాయి.

ఇందులో ఎరువు మహిమ ఏమీ లేదు. పందిరి చిక్కుడు పగటి పొద్దు తగ్గితేనే పూస్తుంది. బాపట్ల, కాకుమాను ప్రాంతంలో జూన్ మూడో వారంలో పగలు 13 గంటలు దాటి ఉంటుంది. డిసెంబరు మూడో వారానికి అది 11 గంటల 10 నిమిషాలకు వస్తుంది. మనకు పెద్దగా తెలియని ఆ రెండు గంటల తేడా తీగకు తెలుసు. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం కట్టి, చిక్కుడు ఆకుల్లో పరమాన్నం పెట్టే ఆచారానికి శాస్త్రాలు ఏ కారణం చెప్పినా, మాఘమాసంలో ప్రతి దొడ్లోనూ చేతికందేది అదేనన్న సంగతి మాత్రం ఇల్లాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు.

గోంగూరదీ ఇదే స్వభావం, కాకపోతే లాభనష్టాలు తలకిందులు. మనకి కావాల్సింది ఆకు కాబట్టి అది పూయకుండా ఉండాలి. వేసవి నుంచి వానాకాలం దాకా విత్తితే మొక్క నడుమెత్తు పెరిగినా ఆకు మీద ఆకు వేస్తూ పోతుంది. అక్టోబరు తర్వాత విత్తితే జానెడు లేవకముందే మొగ్గ తొడుగుతుంది. అందుకే గుంటూరు గోంగూర పచ్చడి జాడీలకెక్కేది శీతాకాలానికి ముందే. అమెరికాలో డాలస్, న్యూజెర్సీ పెరళ్ళలో తెలుగువాళ్ళు మే నెలలో విత్తుకునే గోంగూర అక్కడి పద్నాలుగు, పదిహేను గంటల పగళ్ళలో పొదలా పెరగడానికి కారణం కూడా ఇదే. చలి ముదిరేలోపు కోసుకుంటే చాలు, పూస్తుందన్న బెంగ లేదు.

మూడు నేలలు, మూడు తంటాలు

కాకుమాను గుంటూరు జిల్లా తెనాలి డివిజన్‌లో, బాపట్ల జిల్లాను ఆనుకుని ఉన్న మండలం. కొమ్మమూరు కాలువ నీళ్ళు అందినంత మేర వరి, అందనిచోట పత్తి, మిరప, శనగ. నేల చాలావరకు నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలిచ్చే ఈ నేల వానాకాలంలో చెప్పు లాగేసుకుంటుంది. సారానికి లోటు లేదు గానీ నీరు తొందరగా ఇంకదు. వంగ, టమాటా, మిరప వేళ్ళకి ఊపిరాడక రెండు రోజులు నీళ్ళలో నిలబడ్డాయంటే ఆకులు వాలుస్తాయి. పైగా సున్నం పాలు ఎక్కువ కావడంతో ఇనుము, జింకు నేలలో ఉన్నా మొక్కకి అందవు. లేతాకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అది తెగులు కాదు, ఇనుము అందకపోవడం. ఈ సంగతి తెలియక పురుగుమందు కొట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు.

దీనికి మందు మడిని జానెడు ఎత్తు లేపడం. మూడడుగుల వెడల్పుకి మించకుండా మట్టి ఎగదోసి, మధ్యలో కాలవ వదిలి, ఏటా రెండు మూడు తట్టల చివికిన పెంట కలుపుకుంటూ పోతే నాలుగో ఏటికి రేగడి పొడిపొడిగా చేతికొస్తుంది. పచ్చి పేడ వేస్తే చెద, వేరుపురుగు తప్ప ఒరిగేదేమీ లేదు.

అక్కడి నుంచి బాపట్ల దాటి సముద్రం వైపు వెళితే కథ పూర్తిగా మారిపోతుంది. అది ఇసుక నేల. పొద్దున పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి ఉండవు. కానీ అదే ఇసుక కింద మంచినీళ్ళు పలచటి పొరలా, ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. తీరప్రాంతపు రైతులు ఇసుకలో గరాటు ఆకారంలో గుంట తవ్వి ఆ తీపినీటిని అందుకునేవారు. వాటినే దొరువులంటారు. కుండలతో ముంచి నారుమళ్ళకీ, కూరమళ్ళకీ పోయడం అక్కడి పాత పద్ధతి. మోటారు పెట్టి ఆత్రంగా తోడితే కింద ఉన్న ఉప్పునీరు పైకి ఎగతన్ని దొరువు పాడవుతుంది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకం శాస్త్రవేత్తలు ఈ దొరువునే మెరుగుపరిచారు. చిల్లుల గొట్టాలను ఇసుకలో అడ్డంగా పరిచి, నీళ్ళు మెల్లగా మధ్య బావిలోకి ఊరేట్టు చేశారు. తోడేది పై పొర మాత్రమే. బాపట్ల వ్యవసాయ కళాశాల అనగానే 1945లో మొదలైన చరిత్ర, సాంబమసూరిగా దేశమంతా తింటున్న బీపీటీ 5204 వరి గుర్తుకొస్తాయి. దొరువు గురించి చెప్పేవాళ్ళు తక్కువ. నిజానికి ఇసుక ఊళ్ళలో కూర పండటానికి వరికన్నా దొరువు చేసిన ఉపకారమే ఎక్కువ.

మూడో నేల తెనాలి, కొల్లిపర, కొల్లూరు, రేపల్లె వైపున్న కృష్ణ ఒండ్రు. లంకల్లో కంద, పసుపు, అరటి, కూరగాయలు ఏది పెట్టినా వస్తాయి. తంటా అల్లా నదితోనే. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. 2009 అక్టోబరు వరదను మించిన ప్రవాహం అది. లంకలు మునిగాయి. ఆ వారం కూరల కోసం లంకల మీద ఆధారపడే ఊళ్ళ వాళ్ళకి గోడవార తోటకూర మడి విలువ తెలిసొచ్చింది.

చినుకు పడ్డాక

మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. విత్తనాల కొట్ల ముందు రద్దీ ఆ వారంలోనే మొదలవుతుంది. ఎక్కువమంది చేసే పని, దొరికిన ప్యాకెట్లన్నీ ఒకేసారి కొని ఒకేరోజు విత్తేయడం. టమాటా, క్యాబేజీ, పాలకూర, కొత్తిమీర, బెండ అన్నీ కలిపి. వాటిలో సగం ఆ కాలానివి కావు. జూన్‌లో ఈ గడ్డ మీద నమ్మకంగా వచ్చేవి బెండ, గోంగూర, తోటకూర, బీర, సొర, పొట్ల, కాకర, దోస. మిగిలినవాటికి వాటి వంతు వచ్చేదాకా ప్యాకెట్ విప్పకపోవడమే మేలు.

బెండ 45 నుంచి 50 రోజుల్లో కాపుకొస్తుంది. రోజు విడిచి రోజు కోయకపోతే పీచు పట్టి, కాయకీ గోగు కట్టెకీ తేడా ఉండదు. దీని శత్రువు తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు. ఈనెలు పసుపెక్కి, తర్వాత ఆకంతా వెలిసిపోయి, కాయలు పాలిపోతాయి. వైరస్ కాబట్టి మందు లేదు. ఒక్క మొక్కలో కనిపించిన రోజే పీకి తగలబెట్టడం ఒక్కటే దారి. పత్తి చేల పక్కన ఉన్న ఇళ్ళలో ఇది త్వరగా వస్తుంది. తెల్లదోమకి బెండా పత్తీ చుట్టాలే, రెండూ ఒకే కుటుంబం.

తీగ కూరల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దొడ్లో ఎక్కువ మనస్తాపం కలిగించేవి ఇవే. సొర తీగ నిండా పిందెలు కనిపిస్తాయి. రెండు రోజులకే పసుపు తిరిగి రాలిపోతాయి. ‘దిష్టి తగిలింది’ అని పాత చెప్పు కట్టేవాళ్ళూ ఉన్నారు. అసలు సంగతి సాయంత్రం ఆరింటికి పందిరి కిందకి వెళ్ళి చూస్తే తెలుస్తుంది. సొర పువ్వు తెల్లగా, నలిగిన నూలు గుడ్డలా, పొద్దు వాలే వేళకి విచ్చుకుంటుంది. మగ పువ్వుకి సన్నటి పొడుగాటి కాడ. ఆడ పువ్వు కింద వేలెడంత నూగు పిందె ముందే ఉంటుంది. ఆ పిందె నిలబడాలంటే ఆ రాత్రే పుప్పొడి చేరాలి. చేర్చేవి చీకట్లో తిరిగే రెక్కల పురుగులు. వాన జోరుగా ఉన్న రోజున అవి రావు. చుట్టూ చేలల్లో మందు కొట్టిన రోజునా రావు. అప్పుడు ఆ పని మనిషే చెయ్యాలి. మగ పువ్వు తెంపి, రేకలు ఒలిచేసి, మధ్యనున్న పసుపు కండెను ఆడ పువ్వు నడిమి భాగానికి మెల్లగా రాస్తే సరిపోతుంది. మూడో నాటికి పిందె బరువెక్కి కిందికి వంగుతుంది, రంగు మారదు.

బీర, పొట్ల కూడా సాయంత్రం పూసేవే. కాకర, దోస, గుమ్మడి తెల్లవారుజామున పూస్తాయి. కాబట్టి వాటికి పొద్దున తేనెటీగలు తిరిగే వేళలో మందు కొట్టడమంటే మన కాయని మనమే రాల్చుకోవడం. గుమ్మడిలో మగ పూలు ముందుగా, లెక్కకు మించి వస్తాయి. ధనుర్మాసంలో గొబ్బెమ్మల మీద పెట్టేది ఆ పూలనే. కాపుకి ఏ నష్టమూ లేకుండా ముగ్గు నిండుతుంది.

ఈ గొడవలేమీ లేని తీగ దొండ. దాని కాయకి పుప్పొడితో పనిలేదు. పెన్సిల్ లావు తీగ ముక్కలు రెండు తెచ్చి పాదులో గుచ్చితే చాలు, కొన్నేళ్ళపాటు కాస్తుంది. చలికాలంలో కాస్త మగతగా ఉంటుంది, ఎండలు రాగానే లేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దొండతో మొదలుపెడితే రెండో ఏడు కూడా తోట పెంచుతారు. కాలీఫ్లవర్‌తో మొదలుపెట్టినవాళ్ళ సంగతి చెప్పలేం.

వంగ నారు జూలైలో పోసి, నాలుగు వారాలకి నాటుకోవచ్చు. భాగ్యమతి, శ్యామల, గులాబి అని రాజేంద్రనగర్‌లో తయారైన రకాలు తెలుగు నేలకి అలవాటైనవి. మొవ్వు వాలిపోయి కనిపించిందంటే లోపల పురుగు ఉన్నట్టే. ఆ కొమ్మను రెండు అంగుళాలు కిందికి తుంచి నలిపెయ్యాలి. పొలంలో ఎకరాల మీద అది కష్టం. దొడ్లో ఉండే పది మొక్కలకి పొద్దున కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. పెరటి తోటకి ఉన్న అసలు బలం ఇదే, మందు డబ్బాతో చేసే పని వేళ్ళతో చేయొచ్చు. వేళ్ళు చాలనప్పుడు లీటరు నీటికి 50 గ్రాముల వేప గింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొడతారు.

మందుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. గుంటూరు జిల్లాలో మిరప, పత్తి పండే పల్లెల్లో పురుగుమందు అంటే ఉప్పూ పప్పూ లాంటి వస్తువు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల మీద పడినప్పుడు రైతులు ఒకదాని మీద ఒకటి మందులు మార్చి మార్చి కొట్టారు. అయినా చాలాచోట్ల తోటలు పీకేయక తప్పలేదు. కరివేపాకుదీ ఇంచుమించు అదే కథ. మంగళగిరి పక్కన పెదవడ్లపూడి కరివేపాకు తోటలకి పేరు. భారతదేశం నుంచి వెళ్ళే కరివేపాకులో మందుల అవశేషాల కోసం యూరోపియన్ యూనియన్ సరిహద్దుల్లో ప్రత్యేకంగా తనిఖీలు పెట్టుకుంది. యూరప్‌లో పోపుకి అంత పరీక్ష ఉంటే కాకుమానులో పోపుకి ఏ పరీక్షా లేదు. దొడ్లో ఒక్క కరివేప మొక్క ఉంటే ఆ పరీక్షతో పనే ఉండదు.

తుపాను నెలలు, చలి నెలలు

ఈ ప్రాంతపు కూరగాయల ఏడాదిలో అందరూ తప్పు లెక్కవేసేది అక్టోబరు, నవంబరు. హస్త, చిత్త, స్వాతి కార్తెలు. నైరుతి వెళ్ళిపోయింది, వానలు అయిపోయాయనుకుని టమాటా నాటతారు. అప్పుడే బంగాళాఖాతంలో వాయుగుండం. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. కోతకొచ్చిన వరి నేలకొరిగింది. దొడ్లలో పందిళ్ళు కూలాయి.

తీరానికి ఇంత దగ్గరగా ఉండి పందిరి కట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు పాతవాళ్ళు తీసుకునేవారు. ఒకటి, పందిరి మనిషి తలకి అందేంత ఎత్తే ఉండాలి, మేడ మీదికి పోకూడదు. రెండు, గుంజలు మూరెడు లోతుకి తక్కువ పాతకూడదు. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున పెద్ద సొరకాయల్నీ గుమ్మడికాయల్నీ ముందే కోసేసి పందిరి బరువు తగ్గించేవాళ్ళూ ఉన్నారు. అది తెలివైన పని. వాన తెరిపిచ్చిన వెంటనే మడుల మధ్య నీళ్ళు బయటికి తీయాలి, తర్వాతే కొమ్మలు కట్టుకోవాలి. నల్లమడ వాగు పొంగే ఊళ్ళలో మడి నుంచి నీరు పోయే దారి కన్నా పెద్ద ఎరువు లేదు.

తుపాను గండం గట్టెక్కాక ఫిబ్రవరి చివరి దాకా ఉండే కాలమే దొడ్డికి పండగ. రాత్రి ఇరవై డిగ్రీల దాపుకి, కొన్నాళ్ళు ఇంకా కిందికి దిగుతుంది. టమాటాకి కావాల్సింది సరిగ్గా అదే. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి ఉక్క తగ్గకపోయినా దాని పుప్పొడి పనిచేయక పూత రాలుతుంది. ఏటా జూన్, జూలైల్లో టమాటా ధర ఎగరడానికి వెనకున్న కారణాల్లో ఇదొకటి. 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటి, ప్రభుత్వం రైతుబజార్లలో రాయితీకి అమ్మాల్సి వచ్చింది. ఆ నెలల్లో దొడ్లో టమాటా పండించి డబ్బు మిగుల్చుకుందామనుకునేవాళ్ళకి ఒకటే మాట. కుదరదు. ఆ పులుపుని గోంగూరలో, చుక్కకూరలో, చింతచిగురులో, దోసకాయలో వెతుక్కోవడం పల్నాటి నుంచి రేపల్లె దాకా అమ్మమ్మలందరికీ తెలిసిన విద్య. టమాటా లేనప్పుడు పప్పు ఆగిపోయిన ఇల్లు లేదు.

కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి, క్యారెట్ ఈ చలిలో విత్తుకునేవే. ధనియాల్ని చెప్పుతో నలిపి రెండు పప్పులుగా విడగొట్టి, రాత్రి నానబెట్టి చల్లాలి. గింజ గింజగా చల్లితే సగం మొలవవు. మొలక రావడానికి పది రోజులు పట్టొచ్చు, ఈలోపు విత్తనం మంచిది కాదని కొట్టువాడితో పోట్లాట పెట్టుకోకూడదు. గుంటూరు పక్కనే లాం ఫారంలోని ఉద్యాన పరిశోధన స్థానం ధనియాల రకాలకి పెట్టింది పేరు. సాధన, సింధు, స్వాతి గింజ కోసం తయారైనవి. ఆకు కోసమైతే సురుచి.

క్యాబేజీ, కాలీఫ్లవర్ మీద మోజు పడేవాళ్ళు అక్టోబరులో నారు పోసి, తక్కువ రోజుల రకాలే ఎంచుకోవాలి. ఫిబ్రవరి ఎండ తగిలితే కాలీఫ్లవర్ గడ్డ బిగువు తప్పి, పైన బియ్యం చల్లినట్టు విచ్చుకుపోతుంది. తినడానికి పనికొస్తుంది, ఫొటోకి పనికిరాదు.

ఇదే కాలంలో కంద, చేమ తవ్వకానికొస్తాయి. వేసవిలో పెట్టిన దుంప ఏడెనిమిది నెలలు నేలలోనే ఉండి సంక్రాంతి దాటాక బయటికొస్తుంది. మధ్యలో దాన్ని పట్టించుకునేవాళ్ళు ఉండరు, అది కోరుకునేదీ అదే. స్నానాల గది నీళ్ళు పారే చోట చేమ, అరటి పెట్టడం ఊళ్ళలో అందరికీ తెలిసిన ఏర్పాటు.

మేడ మీదికెక్కిన దొడ్డి

ఊళ్ళలో ఇప్పుడు కట్టే ఇళ్ళకి దొడ్డి మిగలడం లేదు. ప్రహరీ దాకా సిమెంటు చేస్తున్నారు, పాములొస్తాయనో, బురద అనో. దాంతో తోట పైకెక్కింది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్‌లో తన ఇంటి పైకప్పు మీద కూరలు పండించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసి ‘మిద్దెతోట’ అన్న మాటని ఇంటింటికీ తీసుకెళ్ళారు. గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు మండలం కొర్నెపాడులో, 2019లో పద్మశ్రీ అందుకున్న యడ్లపల్లి వెంకటేశ్వరరావు నడిపే రైతునేస్తం ఫౌండేషన్ ప్రకృతి సేద్యం మీద ఇచ్చిన శిక్షణలు కాకుమాను వైపు వాళ్ళకి కూతవేటు దూరంలోనివి.

మిద్దె ఎక్కేముందు ఒక లెక్క వేసుకోవాలి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అడుగు లోతున్న మడిని మట్టితో నింపి తడిపితే ముప్పావు టన్ను బరువు. అలాంటివి పది పెడితే ఏడున్నర టన్నులు. అందుకే మట్టి పాలు తగ్గించి, చివికిన పెంట, వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు కలుపుతారు. బరువైన తొట్లు దూలాల మీదుగా ఉండేట్టు పెడతారు. తొట్టి కింద ఇటుకలు పెట్టి గాలి ఆడనిస్తే స్లాబు చెమర్చదు. నల్లరేగడిని తొట్లలో నింపకపోవడం మంచిది. ఎండితే అంచుల దగ్గర విడిపోయి, పోసిన నీళ్ళన్నీ పక్కనుంచే జారిపోతాయి.

ఇంకో లెక్క కూడా ఉంది, ఉత్సాహవంతులకి నచ్చకపోవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలి. నలుగురున్న ఇంటికి ఏడాదికి 584 కిలోలు. ఇంటి కూరలన్నిటికీ సరిపోవాలంటే తోట కనీసం ఐదు సెంట్లు ఉండాలని ఉద్యాన నిపుణులు ఎప్పటినుంచో చెబుతున్నారు. సెంటు దొడ్డి, పది తొట్లు ఉన్నవాళ్ళు ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీ జోలికి పోవడం దండగ. అవి బజార్లో దొరుకుతాయి, నిలవ ఉంటాయి. కోసిన గంటలో వడిలిపోయే ఆకుకూర, అవసరానికి గుప్పెడు మాత్రమే కావాల్సిన కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిర్చి, కోసేకొద్దీ కాసే బెండ, దొండ... చిన్న స్థలానికి ఇవే లాభసాటి.

రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని ఊళ్ళలోకి తీసుకెళుతోంది. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కి చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారం దక్కింది. నేల శాస్త్రవేత్త రత్తన్ లాల్‌తోనూ, ఈజిప్టుకి చెందిన సెకెమ్ సంస్థతోనూ కలిపి ఇచ్చారు. ఈ కార్యక్రమంలో ఇల్లాళ్ళకి నేరుగా పనికొచ్చింది సూర్యమండలం నమూనా. గుండ్రంగా మడులు వేసి, ఒక్కోదానిలో ఒక్కో కూర పెట్టి, ఒకటి అయిపోయేసరికి ఇంకోటి అందేట్టు చూసుకోవడం. వీటికి పోసేది జీవామృతం. 200 లీటర్ల నీటిలో పది కిలోల ఆవుపేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి, పొద్దునా సాయంత్రం కలుపుతూ రెండు రోజులు నీడన ఉంచుతారు. ఇంటి తోటకి దీనిలో పదో వంతు సరిపోతుంది. పేడ కోసం వెతుక్కోవాల్సి రావడమే ఇప్పటి పల్లెల్లో అసలు కష్టం. ట్రాక్టరు వచ్చాక కొట్టాలు ఖాళీ అయ్యాయి.

కాలువ కట్టేశాక

ఏప్రిల్, మే వచ్చేసరికి కాలువకి నీళ్ళు ఆపేస్తారు. అప్పటికే నింపుకున్న మంచినీళ్ళ చెరువే ఊరికి దిక్కు. నల్లరేగడి ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీరు పడటం మామూలు. ఆ నీళ్ళు పోస్తే మొదట దెబ్బతినేవి చిక్కుడు జాతి. పాలకూర కొంత తట్టుకుంటుంది. ఇంట్లో ఆర్వో మిషను వదిలే నీళ్ళని వృథా కాకుండా మొక్కలకి పోస్తున్నామని సంతోషించేవాళ్ళు ఎక్కువయ్యారు. ఉప్పునీరు పోసిన మిషను వదిలేది ఇంకా చిక్కటి ఉప్పునీరే. అది ఇల్లు తుడవడానికి వాడుకుంటే మేలు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు పాదులకి పోయొచ్చు.

వేసవిలో తోట బతికించడమంటే కొత్తవి పెట్టడం కాదు, ఉన్నవాటి బరువు తగ్గించడం. చలికాలమంతా కాసిన వంగను మోకాలెత్తున నరికి, పెంట వేసి, గడ్డి కప్పితే తొలకరికి మళ్ళీ చిగురేస్తుంది. మునగ కాపు అయిపోగానే కొమ్మలు కొట్టేయాలి. తమిళనాడు పెరియకుళంలో తయారైన పీకేఎం-1 రకం గింజ పెట్టిన ఆరు నెలలకే కాపుకొస్తుంది గానీ, ఏటా నరక్కపోతే కాయలు మేడకి, ఆకులు ఆకాశానికి. బచ్చలి, పొన్నగంటి, గంగవాయిలి ఎండని లెక్కచేయవు. దోస, తోటకూరలకి సాయంత్రం తడి ఇచ్చి, మధ్యాహ్నం పాత చీరో, సగం నీడనిచ్చే షేడ్‌నెట్టో కడితే చాలు.

ముదరనిచ్చిన బెండ, బీర, సొర, గోంగూర విత్తనాలు ఎండబెట్టి దాచే పని కూడా ఈ నెలల్లోనే. పూర్వం బూడిదలో కలిపి సొరబుర్రలో పోసి చూరుకి వేలాడదీసేవారు, పేడలో అద్ది గోడకి పిడకలా కొట్టేవారు. ఇప్పుడు మూత బిగుతుగా ఉన్న సీసా, అడుగున కాస్త బూడిద ఉంటే అదే పని అవుతుంది. సీసా మీద పేరుతోపాటు కోసిన నెల రాసుకోవాలి. హైబ్రిడ్ కాయల నుంచి తీసినవి దాచి లాభం లేదు. రెండో తరంలో ఏ మొక్క ఎలా వస్తుందో చెప్పలేం.

ఖాళీ పడిన మడిని ఎండకి వదిలేయకుండా ఇప్పుడు ప్రకృతి వ్యవసాయ కార్యకర్తలు చెబుతున్న పద్ధతి, మే నెలలోనే నవధాన్యాలు చల్లడం. పెసర, అలసంద, జనుము, నువ్వు, జొన్న, సజ్జ, ఆముదం, ఇంట్లో ఏవి ఉంటే అవి, పేడమట్టిలో ఉండలు చేసి ఆరబెట్టి మడి నిండా చల్లి పైన గడ్డి కప్పుతారు. మబ్బు వాన పడ్డా, ఒకటి రెండు తడులిచ్చినా లేస్తాయి. నలభై, నలభైఐదు రోజులకి పూత దశలో కోసి మడిలోనే పరిచేస్తే, జూలైలో పోసే వంగ నారుకి చోటు సిద్ధంగా ఉంటుంది. చిక్కుడు గింజకి మాత్రం అంతదాకా ఆగక్కర్లేదు, దాని పాదు ఎటూ గోడవారే కదా.